బొగ్గుబాయి ప్రేమకథ: మన సంబురం, మన లెక్క

‘దసరా’ సినిమా నాకు నచ్చింది. విమర్శ రాసేవాళ్లం సాధారణంగా ఈ మాటను చివర్న, అదీ కొంచెం సిగ్గుపడుతూ చెప్తం. దళిత దృక్పథంతో సినిమా చూడటమంటే తప్పులు ఏరడమేననీ, నచ్చిందని ఒప్పుకుంటే ఆధిపత్య భావజాలానికి లొంగినట్టేననీ మనలో ఒక భయం పాతుకుపోయి ఉంది. విశ్వవిద్యాలయాల సెమినార్లలో ఈ భయం ఇంకా ఎక్కువ. ఆ భయాన్ని పక్కనబెట్టి మొదలుపెడుతున్న. బొగ్గుబాయిల పక్కన నడిచే ఒక ప్రేమకథను చూస్తూ నేను నవ్విన, ఏడ్చిన, ఒకచోట పక్కనున్న మా అమ్మ చెయ్యి గట్టిగ పట్టుకున్న. ఆ సంబురం ఎక్కడి నుంచి వచ్చింది, దానికి బదులుగా మన దగ్గర ఏం తీసుకున్నరు అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

ముందు సినిమా గురించి రెండు మాటలు. సుకుమార్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన శ్రీకాంత్ ఓదెలకు దర్శకుడిగా ఇది మొదటి సినిమా. 2023 మార్చి 30న విడుదలైంది. సింగరేణి బొగ్గుగనుల పక్కన వీర్లపల్లి అనే ఊరు. కాలం 1990ల నడుమ, ఎన్.టి. రామారావు మద్యనిషేధం పెట్టిన రోజులు. ధరణి (నాని), సూరి (దీక్షిత్ శెట్టి) ప్రాణస్నేహితులు. రైలు బండి మీంచి బొగ్గు దొంగతనం చేసే పిలగాండ్లు. వెన్నెల (కీర్తి సురేష్) అంగన్‌వాడీ టీచరు. ధరణికి ఆమె మీద చిన్ననాటి నుంచి ప్రేమ. సూరి కూడా ఆమెనే ప్రేమిస్తున్నడని తెలిసి తన ప్రేమను గొంతులోనే మింగుతడు. ఊరికి గుండెకాయ లాగా సిల్క్ బార్ ఉంటది. దాని లోపలికి కింది కులాలవాళ్లు అడుగుపెట్టొద్దు. సర్పంచి పదవి కోసం ఊరి పెద్దల కొట్లాట, సూరి వెన్నెలల పెండ్లి, ఆ రాత్రే సూరి హత్య, చివరికి దసరా నాడు ధరణి పగ తీర్చుకోవడం. ఇదీ కథ.

ఎవరిది చరిత్ర, ఎవరిది ప్రేమ?

1995 నాటి కథను చారిత్రక ప్రేమకథ అనొచ్చునా అని కొందరు మిత్రులు అడగవచ్చు. తెలుగులో చారిత్రక ప్రేమకథ అనంగనే మనకు కోటలు, అంతఃపురాలు, కత్తులు యాదికొస్తయి. అడవి బాపిరాజు ‘హిమబిందు’ శాతవాహనుల కాలం దగ్గరికి, ‘గోన గన్నారెడ్డి’ కాకతీయుల కాలం దగ్గరికి తీసుకపోతయి. వాటిని నేను కూడా ఇష్టంగానే చదివిన. కానీ రాజుకు చరిత్ర ఉన్నది కాబట్టి రాజు ప్రేమ కూడా చరిత్రయింది. రాజకుమారి మెడలో ఉన్న రాయిని తవ్వి తీసినవాళ్లకు చరిత్ర లేదు కాబట్టి వాళ్లు ప్రేమించుకున్నరో లేదో ఎవరికీ పట్టలేదు.

ఇది ఊహించి అంటున్న మాట కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నరని రాసిండు. మగవాళ్లు తవ్వుతరు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తరు అని కూడా రాసిండు. అరవై వేల మంది! అంతమందిలో ఎన్ని పెండ్లిళ్లు, ఎన్ని ఎడబాటులు, ఎన్ని పాటలు ఉండి ఉంటయి? ఆ 60,000 మందిలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? కోహినూరు పేరు మాత్రం బడిపిల్లలకు కూడా తెలుసు. 2025 జూలై 24న విడుదలైన ‘హరిహర వీరమల్లు’ లాంటి భారీ సినిమా కూడా మళ్లీ ఆ కోహినూరు చుట్టే తిరుగుతది.

సింగరేణి చరిత్ర కూడా ఇట్లనే మన చేతికొచ్చింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిండు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకున్నది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడ్డది. ఈ తేదీలన్నీ కంపెనీవి. ఊర్లల్ల వెట్టి చెయ్యలేక, దొర ముందర చేతులు కట్టుకొని నిలబడలేక బాయిల బాట పట్టిన మాల, మాదిగ, వెనుకబడిన కులాల కుటుంబాలకు ఈ వరుసలో తేదీలు లేవు. అల్లం రాజయ్య, పి. చందు, తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ల రచనల్లో ఆ ప్రాంతపు మనుషులు, వాళ్ల పోరాటాలు ఉన్నయి. ఆ సాహిత్యం మనకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఆ పోరాటాల నడుమ ఒక ఫిల్లరు తన పెండ్లాన్ని ఎట్ల ప్రేమించిండు అనే ప్రశ్నకు చోటు తక్కువ దొరికింది. ప్రేమ అనేది తీరిక ఉన్నవాళ్ల యవ్వారం అని మనం కూడా నమ్మినట్టున్నం.

అందుకే 1995ను చరిత్ర అంటున్న. నా తరం పిల్లలకు అది తల్లిదండ్రుల యవ్వనం. దాన్ని పెద్ద తెర మీద చూడటం ఒక రాజ్యాన్ని చూసినంత పని.

సంబురం ఎక్కడి నుంచి వచ్చింది

నాకు నచ్చినవి దాచకుండా చెప్తా. మొదటిది భాష. చాలా ఏండ్లు తెలుగు సినిమాలో తెలంగాణ మాట రౌడీకి, నవ్వించేటోనికి, ఇంట్ల పనిమనిషికి మాత్రమే దక్కింది. హీరో, హీరోయిన్ ప్రేమించుకునేటప్పుడు మాత్రం కోస్తా యాసలోకి పోయేటోళ్లు, మన యాసలో ప్రేమ పలకదన్నట్టు. ఇక్కడ ధరణి తన ప్రేమను మనసులో పెట్టుకొని మాట పెగలక నత్తినత్తిగా నిలబడ్డప్పుడు ఆ తడబాటు కూడా మన యాసలోనే ఉన్నది.

రెండోది దేహం. మసి అంటిన, చెమట పట్టిన, చింపిరి జుట్టు దేహాన్ని కెమెరా ముద్దుగా చూసింది. తెలుగు తెర మీద ఆ రంగు దేహం ఇన్నాళ్లు గుంపులో వెనక నిలబడ్డది, తన్నులు తిన్నది, చచ్చిపోయింది. ప్రేమించబడటం మాత్రం అరుదు.

మూడోది సిల్క్ బార్ గడప. ఊర్లల్ల కులం పుస్తకంలో ఉండదు, గడపలో ఉంటది. ఎవరు లోపల కూసుంటరు, ఎవరు బయట నిలబడి తాగుతరు అన్నదాంట్లో ఉంటది. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన ఎవరికైనా ఆ గడప దగ్గర కథ అర్థమైతది. జనాదరణ కోసం తీసిన పెద్ద హీరో సినిమాలో ఆ గడపను కథ నడుమ పెట్టడం చిన్న విషయం కాదు.

మా అమ్మ అడిగిన ప్రశ్న

మా నాన్న బొగ్గుబాయిల ఫిల్లరుగ పనిచేసిండు. మా ఇంట్ల యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. పరిశోధన పని మీద కృష్ణానగర్‌లో ఒక రూములో కిరాయికి ఉంటున్నప్పుడు అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. అట్ల ఇద్దరం కలిసి ఈ సినిమాకు పోయినం. అమ్మ సినిమా అంతా కన్నార్పకుండ చూసింది. సూరి చచ్చిపోయినప్పుడు కొంగు నోట్లె పెట్టుకొని ఏడ్చింది. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు ఒకే ఒక్క మాట అడిగింది.

“అంతా మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఈ పిలగాడు డ్యూటీకి ఎప్పుడు పోతడు?”

నేను నవ్విన. ఇంటికొచ్చినంక మాత్రం నవ్వు రాలేదు. నా పరిశోధనకు నేను పోగు చేసుకున్న సిద్ధాంతాలన్నింటికన్న ఆ ప్రశ్న సూటిగా ఉన్నది. ఆ వెలుగులో సినిమాను మళ్లీ నెమరేసుకున్న. కథను మలుపు తిప్పే తావులు ఏవి? బార్, క్రికెట్, సర్పంచి ఎన్నిక, పెండ్లి పందిరి, రావణుడి బొమ్మ కాలే మైదానం. వీటిలో ఒక్కటి కూడా బాయి లోపల లేదు. బొగ్గు దుమ్ముగా ఉన్నది, దొంగసొమ్ముగా ఉన్నది, మొఖం మీది రంగుగా ఉన్నది. పనిగా మాత్రం కథను నడిపించలేదు.

ఇది చిన్న లోపమని నేను అనుకోవడం లేదు. పనిని తీసేస్తే ప్రేమ కూడా మారిపోతది. బాయి ఊర్లో మూడు షిఫ్టులు మనుషుల పడకను, తిండిని, ముచ్చటను నిర్ణయిస్తయి. మొగడు రాత్రి షిఫ్టుకు పోయి పొద్దున వచ్చేసరికి పెండ్లాం పొయ్యి దగ్గర ఉంటది. ఆమె పని ఒడిసేసరికి ఆయన నిద్రలో ఉంటడు. అమ్మ ఎన్నడూ మా నాన్నను ప్రేమించిన అని చెప్పలేదు. కానీ ఇట్ల చెప్పింది: “మీ బాపు బాయిల నుంచి వచ్చి తానం చేసినా కండ్ల చుట్టు మసి పోకపోతుండె. కొబ్బరినూనె గుడ్డకు అద్ది నేనే తుడుస్తుంటి. గప్పుడే ఇద్దరం మాట్లాడుకునుడు.” టబ్బులు నింపి నింపి ఒరిసిపోయిన అరచేతులు, తట్టా చెమ్మస్ పట్టుకున్న చేతులు పెండ్లాం చేతిలో ఉన్న ఆ పది నిమిషాలు. మొదటి నెల జీతంతో ట్రాన్సిస్టర్ కొని రాత్రిపూట గడపల కూసోని ఇద్దరు పాటలు విన్న సంగతి. నెల జీతం చేతికొచ్చుడు అంటే దొర ఇంటికి పోయి గింజలు అడుక్కునే అవసరం లేకపోవుడు. బాయి కులాన్ని పోగొట్టలేదు. కానీ ఆ జీతం ఇద్దరు మనుషులకు ఒక రేడియో, ఒక గడప, కొంచెం పొద్దు ఇచ్చింది. మన ప్రేమకథకు పునాది అక్కడున్నది.

ఆ కథకు భయం కూడా ఉంటది. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిన్రు. అసోంటి రోజు బాయి మీద నిలబడి ఎదురుచూసే ఆడవాళ్ల ముందర ఏ సినిమా విలన్ నిలబడగలడు? షిఫ్టుకు పోయిన మనిషి తిరిగొచ్చే దాకా తలుపు గొళ్లెం పెట్టకుండా కూసోవడమే బాయి ఊరి విరహం. సినిమాకు విలన్ కామం దొరికింది, కత్తి దొరికింది. ఈ ఎదురుచూపు దొరకలేదు.

వెన్నెల ఏమనుకున్నది?

సూరి చనిపోయినంక, వెన్నెలకు విధవ తంతు జరగకుండా ధరణి ఆమె మెడలో తాళి కడతడు. థియేటర్లో చప్పట్లు మోగినయి. నేను కూడా కదిలిపోయిన. విధవ తంతు ఎంత క్రూరమో తెలిసిన సమాజంలో ఆ చెయ్యి అడ్డుపడటం కదిలించకపోతే మనం మనుషులం కాదు. కానీ ఆ తాళికి ముందు వెన్నెలను ఒక్క మాట అడగలేదు. అంతకుముందు ఒక స్నేహితుడు ఇంకో స్నేహితుని కోసం ఆమెను త్యాగం చేసిండు. ఇప్పుడు ఆమె కోసం తన బతుకును త్యాగం చేస్తున్నడు. రెండుసార్లూ త్యాగం మగవానిదే, పేరు కూడా అతనిదే. రాజుల కాలపు ప్రేమకథల్లో రాకుమారిని చేతులు మార్చే పద్ధతికి, ఈ వాడలో జరిగినదానికి అంతరం ఎంత?

ఇంకో సంగతి చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం పేద ఆడవాళ్లు నడిపిన ఉద్యమం. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రంలో అమలైన సంపూర్ణ మద్యనిషేధం వెనక ఆ ఆడవాళ్ల కొట్లాట ఉన్నది. ‘దసరా’ సరిగ్గా ఆ కాలాన్నే ఎంచుకున్నది. కానీ మద్యనిషేధం ఇక్కడ సర్పంచి ఓట్ల ఎత్తుగడగా, మగవాళ్ల బార్ కొట్లాటగా వచ్చింది. చరిత్రలో ఆడవాళ్లు గెలిచిన ఒక్క సంవత్సరాన్ని తీసుకొని, అందులోంచి ఆడవాళ్లను తప్పించిన్రు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ పనికి దూరం పెట్టింది. 2019లో గాని పగటిపూట పనికి అనుమతి రాలేదు. బాయిలకు దిగనియ్యలేదు సరే, కథలకైనా దిగనియ్యాలె కదా!

మరో బాట ఉన్నదా?

ఉన్నది. 2024 ఆగస్టు 15న వచ్చిన పా. రంజిత్ ‘తంగలాన్’ తమిళ సినిమా, తెలుగులోకి కూడా అనువాదమైంది. 19వ శతాబ్దంలో కోలార్ బంగారు గనుల కథ. ఉత్తర ఆర్కాడు ప్రాంతపు దళిత రైతు తన భూమి పోగొట్టుకొని, బంగారం తవ్వడానికి తెల్లదొర వెంట పోతడు. అందులో విక్రమ్, పార్వతి మొగడూ పెండ్లాలుగా చేసిన్రు. ప్రేమంటే అక్కడ తిట్టుకోవడం, ఆకలి పంచుకోవడం, బిడ్డల్ని సాకడం. ఊరి ఆడవాళ్లు మొదటిసారి రవికెలు తొడుక్కొని మురిసిపోయే సన్నివేశం ఒకటున్నది. ఆ మురిపెం వెనక కూలీ ఉన్నది, కులం ఉన్నది, ఒంటి మీద గుడ్డ కోసం జరిగిన పోరాటాల జ్ఞాపకం ఉన్నది. పని, సంబురం ఒక్క చోట కలిసిన తావు అది. తర్వాతి సగంలో సినిమా మాయల్లో, కలల్లో పడి తోవ తప్పిందని నా అభిప్రాయం. అయినా ఆ ఒక్క సన్నివేశం చాలు, దారి ఉన్నదని చెప్పటానికి.

అదే కోలార్ పేరుతో వచ్చిన ‘కేజీఎఫ్’ రెండు భాగాలు (2018, 2022) తెలుగు నేల మీద కూడా బాగా ఆడినయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, తరాల తరబడి బంగారం తీసిన దళిత కార్మికులది నిజమైన కోలార్. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడ్డయి. సినిమాలో మాత్రం వాళ్లు మూగ బానిసల గుంపు. బయటి నుంచి వచ్చిన వీరుడు విడిపించాలె. రెండో భాగం ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడే విడుదలైంది. తన జనం తమను తామే విడిపించుకోవాలని చెప్పిన మనిషి పుట్టినరోజున! వీటి పక్కన పెట్టి చూస్తే ‘దసరా’ నయం. దాని హీరో వాడలో పుట్టినవాడే. కానీ ‘తంగలాన్’ పక్కన పెడితే కొరత కనబడ్తది. హీరో వాడలో పుట్టిండు గాని వాడ చేసే పని అతని వెంట రాలేదు. కులం గడప దగ్గర కనబడ్డది గాని దాని పేరు నాకు వినపడలేదు.

ఫిలింనగర్‌లో నలుపు

ఈ కొరత ఒక్క దర్శకుని తప్పు అనడం నాకిష్టం లేదు. అది జూబ్లీహిల్స్, ఫిలింనగర్ పనిచేసే పద్ధతిలోనే ఉన్నది. 1976లో అన్నపూర్ణ, 1989లో రామానాయుడు స్టూడియోలు ఈ గుట్టల మీద వెలిసినయి. గుట్ట మీద స్టూడియోలు, బంగళాలు. గుట్ట కింద యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్ సహాయకులు. నేను కిరాయికున్న ఇంటి పక్క రూములో ఒకామె జూనియర్ ఆర్టిస్టుగ పనిచేసేది. మెదక్ దిక్కు నుంచి వచ్చిన దళిత మహిళ. ఒకనాడు చెప్పింది: “పెండ్లి సీనుంటే నన్ను పిలువరు అక్కా, నల్లగుంటనని. ఊరి సీనుంటే పిలుస్తరు. పిలిచి, ఇంకా నల్లగ గావాలె అని మసి పూస్తరు.” ఏ సినిమా అని నేను అడగలేదు. ఏ సినిమా అయితేంది?

తెల్లటి హీరోకు నలుపు పూస్తే అది నటన, కష్టం, అవార్డు. పుట్టుకతో నల్లగున్న ఆడమనిషికి అది వెనక వరుస. ఫిలింనగర్‌కు నలుపు వేషంగా తెలుసు, పనిగా తెలియదు. అది తన సొంత పనివాళ్లను కూడా తెర మీద చూపెట్టదు. 2025 ఆగస్టులో 30 శాతం కూలీ పెంచాలని సినిమా కార్మికులు సమ్మె చేసి షూటింగులు ఆపినప్పుడు గాని, ఈ గుట్ట మీద కూడా ఒక బాయి ఉన్నదని బయటి లోకానికి తెలియలేదు. 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేసిన్రు. ఆ రెండు సమ్మెల్లో ఒకటి కూడా ఇప్పటివరకు ఒక పెద్ద ప్రేమకథకు నేపథ్యం కాలేదు. కావచ్చు గదా! సమ్మె రోజుల్లో జీతం లేని ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎట్ల నిలబెట్టుకున్నరు అన్నదానికంటే గట్టి ప్రేమకథ ఏముంటది?

చివరిగా, ఈ పత్రిక చదివే విద్యార్థులతో, టీచర్లతో, కార్యకర్తలతో ఒక మాట. మనకు నచ్చినదాన్ని నచ్చలేదని అబద్ధమాడొద్దు. సంబురం మన హక్కు. ప్రేమించి చంపబడ్డ పిల్లల నేల ఇది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపింది అతడు మాల పిల్లగాడై ప్రేమించినందుకే. అసోంటి చోట దళితుల ప్రేమను తెర మీద చూసి మురవడం కూడా ఒక రాజకీయమే. కానీ మురిసినంక ఆ సంబురానికి లెక్క అడగాలె. ఈ పిలగాడు డ్యూటీకి ఎప్పుడు పోతడు? ఈ పిల్లను ఎవరైనా అడిగిన్రా? ఈ మసి ఎవరి ఒంటి మీదిది? క్లాసురూములో ఏ సినిమా గురించి మాట్లాడినా, ఏ నవల చదివినా ఈ మూడు ప్రశ్నలు అడగొచ్చు.

ఆ ప్రశ్నలకు జవాబుగా వచ్చే కథ ఫిలింనగర్ నుంచి రావాలని ఎదురుచూస్తూ కూసోవడం అనవసరం. మన అమ్మలు ఇంకా ఉన్నరు. కండ్ల చుట్టు మసిని నూనె గుడ్డతో తుడిచిన రాత్రుల ముచ్చట వాళ్లకు ఇంకా యాదికున్నది. ముందు అది రాసి పెట్టుకుందాం.